లైసెన్సు పుస్తకంలోని తుపాకీ: కామారెడ్డి–ఎల్లారెడ్డి ప్రాంత ఆయుధ చరిత్ర

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో ఒక మనిషి దగ్గర ఏ తుపాకీ ఉండాలన్నది అతని ఇష్టాన్ని బట్టి తేలిన కాలం దాదాపు లేదు. సంస్థానాల రోజుల్లో హోదా, 1962 తర్వాత లైసెన్సు పుస్తకం ఆ సంగతి తేల్చాయి. పెద్ద సైజు సెమీ ఆటోమేటిక్ పిస్తోళ్లలో ఏది మేలని కొన్ని దేశాల్లో సొంతదార్లు తెగ వాదించుకుంటారు. ఇక్కడ ఆ వాదన మొదలు కాకముందే చట్టం అందులో చాలా భాగం తేల్చేసింది. దాని వెనుక రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది.

ఈ ప్రాంతంలో మందుగుండు ఆయుధానికి పాత ఆనవాళ్లు కోటల్లో కనిపిస్తాయి. జుక్కల్ వైపున్న కౌలాస్ కోటలో నవగజ తోపు అనే పొడవాటి ఫిరంగి ఉంది. కామారెడ్డికి దగ్గర్లోని దోమకొండ సంస్థానాధీశుల కోట ఇప్పటికీ నిలిచి ఉంది. ఈ ప్రాంతం భాగంగా ఉన్న నిజాం హైదరాబాద్ రాజ్యంలో తుపాకులు, ఫిరంగులు పోతపోసే పని 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి సేనాని రేమండ్ చేతుల మీదుగా పెద్ద ఎత్తున సాగింది. నేటి హైదరాబాద్‌లోని గన్‌ఫౌండ్రీ పేరు ఆ కార్ఖానా నుంచే వచ్చింది. ఆయుధ బలం సంస్థానాధీశుల చేతుల్లో ఉండటం ఎంత ప్రమాదమో ప్రభుత్వానికి 1857 తిరుగుబాటులో తెలిసివచ్చింది. కౌలాస్ రాజా దీప్‌సింగ్ ఆ తిరుగుబాటులో తలదూర్చినందుకు జైలు పాలయ్యాడు, జాగీరు పోగొట్టుకున్నాడు.

ఆ రోజుల్లో జాగీర్‌దార్లు, సాహుకార్లు అరబ్బు, రోహిల్లా సిపాయిలను జీతానికి పెట్టుకునేవారు. బాకీల వసూలుకు, భూమి తగాదాలకు వీళ్ల తుపాకులే ఆధారం. 1853లో హైదరాబాద్ దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ కిరాయి బలగాలను అదుపులోకి తెచ్చి, 1865 నుంచి జిల్లాల పద్ధతిని నిలబెట్టాడు. బలగాలు తగ్గినా దొరల గడీల్లో తుపాకులు పోలేదు. గోడకు వేలాడే వేట తుపాకీ దొరతనానికి గుర్తుగా మిగిలింది. వేటకు అడవి కూడా దగ్గర్లోనే ఉండేది. మెదక్, ఎల్లారెడ్డి మధ్యనున్న పోచారం అడవి నిజాం వేటస్థలం. 1916–22 మధ్య అక్కడ కట్టిన ఆనకట్ట వల్ల చెరువు ఏర్పడింది. 1952లో అదే అడవి అభయారణ్యమైంది. ఊరి జనానికి మాత్రం వేటకైనా, చేను కాపలాకైనా గొట్టం మూతి నుంచి మందు, గుండ్లు కూరి పేల్చే నాటు తుపాకీయే దిక్కు.

బ్రిటిష్ ఇండియాలో 1878 ఆయుధ చట్టం భారతీయులు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడాన్ని నేరం చేసి, యూరోపియన్లను మినహాయించింది. స్వాతంత్ర్యోద్యమ కాలమంతా ఈ వివక్ష మీద నిరసన సాగింది. 1907లో మరో అడుగు పడింది. సైన్యం వాడిన పాత మార్టినీ–హెన్రీ రైఫిళ్లకు పనికివచ్చే తూటాలు తిరుగుబాటుదార్ల చేతికి చిక్కుతాయన్న భయంతో .450 బోరు (గొట్టం లోపలి వ్యాసం) తుపాకులను దేశంలోకి రానివ్వకుండా నిషేధించారు. దాంతో ఇంగ్లండ్ తుపాకీ కంపెనీలు భారతదేశంలోని వేటగాళ్ల కోసం .465, .470 వంటి కొత్త బోర్లు తయారు చేశాయి. సైనికుడి తూటా పౌరుడి తుపాకీలో పట్టకూడదన్న ఈ సూత్రమే నేటి చట్టానికీ పునాది.

తెలంగాణ సాయుధ పోరాటం తుపాకీకి కొత్త అర్థం తెచ్చింది. 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం పాలన మీద సాయుధ పోరుకు పిలుపునిచ్చారు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో పోరాటం ముమ్మరంగా సాగింది. వడిసెలలు, గుతపలతో మొదలైన దళాలకు తుపాకులు కావలసి వచ్చినప్పుడు అవి దొరికిన చోట్లలో దేశ్‌ముఖ్‌ల గడీలు ముఖ్యమైనవి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం రాకతో నిజాం పాలన, దానికి కొమ్ముకాసిన రజాకార్ల ఆయుధ బలం ముగిశాయి. పోరాటం మాత్రం 1951 దాకా సాగింది. ప్రైవేటు వ్యక్తి దగ్గరున్న ప్రతి తుపాకీ లెక్క ప్రభుత్వానికి తెలిసి ఉండాలన్న పట్టుదల పాలకుల్లో ఇలాంటి అనుభవాల వల్ల కూడా గట్టిపడింది.

స్వతంత్ర భారతం 1959లో కొత్త ఆయుధ చట్టం చేసింది. అది 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. యూరోపియన్లకు, భారతీయులకు మధ్య తేడా పోయింది కానీ తూటా లెక్క పోలేదు. చట్టం కింద వచ్చిన నియమాలు తుపాకులను తరగతులుగా విడగొట్టాయి. .303, 7.62 మి.మీ. సైనిక తూటాలు పట్టే రైఫిళ్లు, .380, .455 తూటాల రివాల్వర్లు, సైన్యం వాడే 9 మి.మీ., .45 తూటాలు పట్టే పిస్తోళ్లు నిషేధిత బోరు జాబితాలో చేరాయి. వాటికి లైసెన్సు ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానిదే. మిగతా బోర్లకు జిల్లా కలెక్టరు అనుమతి చాలు.

ఈ జాబితా పిస్తోలు ఎంపికను ఎలా మార్చిందో తెలియాలంటే పెద్ద సైజు పిస్తోలు అంటే ఏమిటో చూడాలి. సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో తూటా పేలిన తాకిడికి పైనున్న స్లయిడ్ వెనక్కి జరిగి ఖాళీ తొడుగును బయటికి విసిరేస్తుంది. ముందుకు వస్తూ మ్యాగజైన్ నుంచి కొత్త తూటాను గొట్టంలోకి నెడుతుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటాయే పేలుతుంది. గొట్టం నాలుగున్నర నుంచి ఐదు అంగుళాలుండి, అరచేయి నిండా పట్టు దొరికేదాన్ని పెద్ద సైజు అంటారు. గురి చూసే రెండు గుర్తుల మధ్య దూరం ఎక్కువ కాబట్టి గురి కుదురుతుంది. బరువు వల్ల ఎదురుదెబ్బ తక్కువగా తెలుస్తుంది. దాచి మోసుకెళ్లడమే కష్టం. 1911లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ .45, 1935లో బెల్జియంలో వచ్చిన 13 తూటాల బ్రౌనింగ్ హై–పవర్, 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్న 17 తూటాల గ్లాక్ 17 ఈ తరగతిలో పేరు పొందాయి. ఈ మూడూ .45 లేదా 9 మి.మీ. తూటాలవే. అంటే సొంతదార్లు ప్రపంచమంతటా ముందుగా పోల్చి చూసే పిస్తోళ్లన్నీ భారతదేశంలో నిషేధిత బోరు కిందికే వచ్చాయి. హై–పవర్ నమూనాలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారు చేసిన 9 మి.మీ. పిస్తోలు మన సైన్యానికి, పోలీసులకు చేరింది.

కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా చిన్న తుపాకీ లైసెన్సు పొందినవారికి వాడుకలో మిగిలింది ముఖ్యంగా .32 బోరు. దీనిలో రెండు దారులున్నాయి. ఒకటి ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల .32 రివాల్వరు, రెండోది .32 పిస్తోలు. వీటి తూటాలు వేరు వేరు, ఒకదానిది మరోదానికి పట్టదు. పిస్తోలు తూటాను జాన్ బ్రౌనింగ్ 1899లో రూపొందించాడు. రివాల్వరు వైపు మొగ్గేవారు దాని నమ్మకాన్ని చూస్తారు. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, తర్వాతి తూటా ఎదురుగా వస్తుంది. పిస్తోలును మెచ్చుకునేవారు అది పలచగా నడుముకు అంటుకుని ఉంటుందని, మ్యాగజైన్ మార్చడం తేలికని చెబుతారు. తూటా ఇరుక్కుంటే స్లయిడ్ లాగి సరిచేసే అలవాటు లేనివారికి రివాల్వరే క్షేమం. 1980ల మధ్య నుంచి వ్యక్తుల కోసం విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోవడంతో అంతకుముందు వచ్చిన పాత విదేశీ పిస్తోళ్ల ధరలు విపరీతంగా పెరిగాయి. సాధారణ లైసెన్సుదారుకు దేశీ సరుకే గతి అయింది.

ఈ సీమలో లైసెన్సు తుపాకీ అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది పిస్తోలు కాదు, బ్యాంకు గుమ్మం దగ్గర కాపలాదారు భుజాన ఉండే 12 బోరు డబుల్ బ్యారెల్. చేను కాపలాకు మందు కూరే తుపాకీకి, 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టమున్న తుపాకీకి 1959 చట్టం విడిగా దారి చూపింది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట పేరుతో లైసెన్సు అడిగే వీలు క్రమంగా పోయింది. నక్సలైట్ ఉద్యమం సాగిన కాలంలో పల్లెలో లైసెన్సు తుపాకీ రక్షణకు బదులు భయం తెచ్చిపెట్టింది. దాన్ని ఎత్తుకుపోయేందుకు దళం వస్తుందన్న భయంతో దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించినవారున్నారు. అడవి పందులు మక్క చేన్లను తొక్కేయడం మాత్రం ఆగలేదు. తుపాకీ లేని రైతు చేను చుట్టూ కరెంటు తీగ పెట్టి ప్రాణాల మీదికి తెచ్చుకోవడం నేటికీ తీరని సమస్య.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా ఈ లైసెన్సుల కాగితాలన్నీ నిజామాబాద్ కలెక్టరేటుకు వెళ్లేవి. ఇప్పుడు దరఖాస్తు కామారెడ్డి కలెక్టరుకు చేరితే, పోలీసు స్టేషన్ దరఖాస్తుదారు మీద కేసులున్నాయా, ప్రాణభయం నిజమా అని విచారించి నివేదిక పంపుతుంది. లైసెన్సు పుస్తకంలో ఫొటోతో పాటు తుపాకీ రకం, బోరు, దాని మీద చెక్కిన నంబరు, ఒకసారి దగ్గర ఉంచుకోగల తూటాల సంఖ్య, ఏడాదిలో కొనగల తూటాల సంఖ్య రాసి ఉంటాయి. దుకాణదారు ప్రతి అమ్మకాన్ని అందులో ఎక్కించాలి. ఎన్నికల కోడ్ వస్తే చాలావరకు ఆయుధాలు స్టేషన్లో జమవుతాయి. 2016 నియమాలు భద్రత శిక్షణను తప్పనిసరి చేశాయి. 2019 సవరణ ఒకరికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది.

పెద్ద సైజు సెమీ ఆటోమేటిక్ పిస్తోలు తెలుగువారి చేతిలో చట్టబద్ధంగా వెలిగిన చోటు క్రీడామైదానం. అక్కడ .22 బోరు వాడతారు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలులో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. తయారీలోనూ తెలుగు నేలకు వాటా వచ్చింది. హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్ తయారు చేసిన 9 మి.మీ. అస్మి మెషీన్ పిస్తోళ్లను 2024లో భారత సైన్యం తీసుకుంది. కామారెడ్డిలోని సాధారణ లైసెన్సుదారుకు ఆ బోరు నేటికీ అందదు. సైనికుడి తూటాకు, పౌరుడి తూటాకు మధ్య 1907లో గీసిన గీత అలాగే ఉంది. ఆ గీతకు ఇవతల ఎంచుకోగలిగింది కొంచెమే. తీసుకున్నదాన్ని వాడటం నేర్చుకోవడం, తాళం వేసి పిల్లలకు అందకుండా ఉంచడం మాత్రం పూర్తిగా సొంతదారు బాధ్యతే.