కట్టేసిన మంచి చెయ్యి: పక్షవాత చికిత్సలో ఒక ఆలోచన చరిత్ర

తెలుగులో పక్షవాతం వచ్చిన మనిషి గురించి చెప్పేటప్పుడు "కాలూ చెయ్యీ పడిపోయాయి" అంటాం. గోడ పడిపోయినట్టు, చెట్టు పడిపోయినట్టు. పడిపోయినదాన్ని మళ్ళీ లేపవచ్చునా అన్న ప్రశ్నకు వైద్యులు చాలా శతాబ్దాలపాటు పెద్దగా ఆశ పెట్టుకోవద్దనే చెప్పారు. ఆ జవాబు ఎలా మారింది, ఎవరు మార్చారు, అందుకు ఎవరు మూల్యం చెల్లించారు అన్నదే ఈ టపా.

మన ఆయుర్వేదం ఈ జబ్బును వాతరోగాల్లో చేర్చింది. పక్షం అంటే పార్శ్వం. రెక్క అని కూడా అర్థం. శరీరంలో సంచరించే వాయువు ప్రకోపించి ఒక పక్కను పట్టేస్తుందని భావన. గ్రీకులు దీన్ని ఉరుములేని పిడుగుదెబ్బలా చూశారు. ఇంగ్లీషువారి 'స్ట్రోక్' అన్న మాటలో ఆ దెబ్బ ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ జబ్బుకు మూలం మెదడులోని రక్తనాళాల్లో ఉందని శవపరీక్షల ఆధారంతో వాదించినవాడు స్విట్జర్లండుకు చెందిన యోహాన్ యాకోబ్ వెప్ఫర్. ఆయన గ్రంథం 1658లో వెలువడింది. నాళం చిట్లి రక్తం కారినా, నాళం మూసుకుపోయి రక్తం అందకపోయినా మెదడులో ఆ భాగం చచ్చిపోతుంది. 1870లో ఫ్రిచ్, హిట్జిగ్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు కుక్క మెదడు ఉపరితలాన్ని విద్యుత్తుతో తాకి, ఒక్కొక్క చోట తాకితే ఎదుటి పార్శ్వంలో ఒక్కొక్క అవయవం కదులుతుందని చూపించారు. మెదడులో చేతికొక చోటు, కాలికొక చోటు ఉన్నాయని తేలింది.

ఈ జ్ఞానం గొప్పదే కాని రోగికి దీనివల్ల ఒక చిక్కు వచ్చిపడింది. చేతిని కదిలించే చోటు మెదడులో ఫలానాది అయినప్పుడు, ఆ చోటు చచ్చిపోతే చెయ్యి కూడా చచ్చినట్టే కదా! పైగా 1913-14లో స్పెయిన్ దేశపు మహాశాస్త్రజ్ఞుడు రమోన్ ఇ కహాల్, ఎదిగిన మెదడులో నాడీమార్గాలు స్థిరపడిపోయి ఉంటాయని, అవి చావగలవే తప్ప మళ్ళీ పుట్టలేవని రాశాడు. ఈ కఠోర శాసనాన్ని మార్చడం సాధ్యమైతే భవిష్యత్తులో శాస్త్రమే మార్చాలని కూడా ఆయనే చేర్చాడు. తరువాతి తరాలు మొదటి వాక్యాన్ని గుర్తుపెట్టుకుని రెండోదాన్ని మరిచిపోయాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాషింగ్టన్‌లోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో షెపర్డ్ ఐవరీ ఫ్రాంజ్ అనే మనస్తత్వవేత్త మరో దారిలో ఆలోచించాడు. ఏళ్ళ తరబడి ఒక పక్క పడిపోయి ఉన్న రోగులచేత పట్టుబట్టి అభ్యాసం చేయిస్తే కొంత కదలిక తిరిగివచ్చింది. 1915లో ఆయనా సహచరులూ ఈ సంగతి ప్రకటిస్తూ, దీన్ని శాశ్వత పక్షవాతం అనడంకంటె ఎవరూ పట్టించుకోని పక్షవాతం అనడం సబబేమోనన్నారు. 1917లో ఆగ్డెన్ అనే సహచరుడితో కలిసి ఫ్రాంజ్ కోతుల మీద ప్రయోగాలు చేశాడు. కదలికను శాసించే మెదడు భాగాన్ని దెబ్బతీసిన కోతుల్లో, ఊరికే వదిలేసినవాటికంటె, మంచి చేతిని కట్టేసి పడిపోయిన చేతినే వాడవలసివచ్చేలా చేసినవి చాలా త్వరగా కోలుకున్నాయి. పక్షవాత చికిత్సకు పునాది కాగలిగిన ఆ వ్యాసాన్ని దశాబ్దాలపాటు పట్టించుకున్నవారు తక్కువ.

మధ్యకాలంలో పని చేసినవారు ఎక్కువగా ప్రయోగశాలల బయటివాళ్ళు. నాజీల కాలంలో బెర్లిన్ విడిచి లండన్ చేరిన వ్యాయామ శిక్షకురాలు బెర్తా బొబాత్, 1943లో పక్షవాతం వచ్చిన ఒక చిత్రకారుడికి చికిత్స చేస్తూ, బిగుసుకుపోయిన కండరాలను సరైన భంగిమల ద్వారా సడలించవచ్చునని గమనించింది. వైద్యుడైన ఆమె భర్త కారెల్ దానికి సిద్ధాంతం సమకూర్చాడు. వారి పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది.

1950ల చివర పెడ్రో బాక్ ఇ రీటా అనే కాటలాన్ కవికి పక్షవాతం వచ్చింది. ఆయన న్యూయార్క్‌లో అధ్యాపకుడు. మాట పోయింది, ఒక పక్క పడిపోయింది. వైద్యశాస్త్రం చదువుతున్న కుమారుడు జార్జ్, తండ్రికి నడక నేర్పే ముందు పసిపిల్లవాడిలా పాకడం నేర్పించాడు. గోడనానుకుని పాకడం, నేలమీద గోళీలు ఏరడం, గిన్నెలు తోమడం. పెద్దమనిషిని అలా పాకిస్తున్నారేమిటని చూసినవాళ్ళు నొచ్చుకున్నారు. కాని ఆయన లేచాడు, నడిచాడు, మళ్ళీ పాఠాలు చెప్పాడు. 1965లో, తన 72వ యేట, కొలంబియాలో కొండ ఎక్కుతుండగా గుండెపోటుతో మరణించాడు. మెదడును పరీక్షిస్తే పైనుంచి వెన్నుపాముకు దిగే ముఖ్యమైన నరాల్లో 97 శాతం నాశనమయ్యే ఉన్నాయి. దెబ్బ మానలేదు, మిగిలిన కొద్ది నరాలూ, పక్కదారులూ పనిని అందుకున్నాయి. ఆయన మరో కుమారుడు పాల్ తన జీవితాన్ని మెదడు పునర్నిర్మాణశక్తి అధ్యయనానికే అంకితం చేశాడు.

అదే 1965 ఫిబ్రవరిలో ఆస్కార్ పొందిన నటి పెట్రీషియా నీల్‌కు మెదడులో రక్తస్రావమైంది. అప్పుడు ఆమె గర్భవతి. స్పృహ వచ్చాక మాట లేదు, కుడిపక్క కదలదు. భర్త, రచయిత రోల్డ్ డాల్, ఇంగ్లండులో తమ ఊళ్ళోని ఇరుగుపొరుగువారిని పిలిచి వంతులవారీగా రోజంతా ఆమెచేత మాటలూ, పజిళ్ళూ, లెక్కలూ చేయించే ఏర్పాటు చేశాడు. వాళ్ళెవరూ నిపుణులు కారు. ఆ కాఠిన్యం మీద ఆమెకు కోపమూ ఉండేది. అదే సంవత్సరం ఆగస్టులో ఆమె ఆరోగ్యవంతురాలైన పాపను కన్నది. 1968లో మళ్ళీ తెరమీద కనిపించింది. ఆ పొరుగువారిలో ఒకరైన వాలరీ ఈటన్ గ్రిఫిత్ ఈ అనుభవాన్ని 1970లో పుస్తకంగా రాసింది. దానినుంచి బ్రిటన్‌లో స్వచ్ఛంద సహాయకుల ఉద్యమం మొదలైంది.

ఇక ఈ కథలో అందరికీ ఇబ్బంది కలిగించే అధ్యాయం. 1895లో మాట్, షెరింగ్టన్ అనే ఇద్దరు, కోతి చేతినుంచి స్పర్శను మోసుకువచ్చే నరాలను కోసేస్తే, కదలిక నరాలు బాగానే ఉన్నా కోతి ఆ చేతిని వాడడం మానేస్తుందని చూపారు. ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఇదే ప్రయోగం చేసి, మంచి చేతిని కట్టేశాడు. కోతి పడిపోయిన చేతితో తిండి అందుకుంది! దెబ్బ తగిలిన తొలిరోజుల్లో ప్రయత్నించి విఫలమై, ఆ చెయ్యి పనికిరాదని కోతి నేర్చుకుంటుంది. తరువాత శక్తి వచ్చినా ఆ పాఠం చెరగదు అని టాబ్ నిర్ధారించాడు. అది నేర్చుకున్న వైకల్యం. నేర్చుకున్నది కనుక మరిపించవచ్చు.

1981లో మేరీలాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఉన్న టాబ్ ప్రయోగశాలలో జంతుహక్కుల కార్యకర్త అలెక్స్ పచేకో సహాయకుడిగా చేరి, అక్కడి మురికినీ, స్పర్శ లేని తమ వేళ్ళను తామే కొరుక్కున్న కోతులనూ ఫొటోలు తీశాడు. పోలీసులు 17 కోతులను స్వాధీనం చేసుకున్నారు. టాబ్ మీద జంతుహింస నేరం మోపారు. కింది కోర్టులో కొన్ని అభియోగాలు నిలిచాయి. చివరిదాన్ని 1983లో పైకోర్టు కొట్టివేసింది. ఆయన ఉద్యోగం, నిధులు, పేరు పోయాయి. ఈ గొడవ ప్రభావంతో 1985లో అమెరికాలో ప్రయోగజంతువుల రక్షణచట్టం కట్టుదిట్టమైంది. మిగిలిన కోతుల్లో కొన్నింటి మెదళ్ళను పరీక్షించగా, చేతికి చెందిన ప్రాంతం ఖాళీగా పడి ఉండక ముఖస్పర్శకు స్పందించడం మొదలుపెట్టిందని 1991లో ప్రకటించారు. ఎదిగిన మెదడు పటం మారుతుందనడానికి అది పెద్ద సాక్ష్యం.

ఆ మూగజీవాలు పడిన బాధా నిజమే, వాటివల్ల మనుషులకు కలిగిన మేలూ నిజమే. ఒకదానితో మరొకదాన్ని కొట్టివేసే లెక్క నాకు చేతకాదు. చదువరులు రెండింటినీ గుర్తుపెట్టుకుంటే చాలు.

టాబ్ తరువాత అలబామాలో చేరి అదే పద్ధతిని మనుషులకు మలిచాడు. మంచి చేతికి గుడ్డ తొడుగు వేసి, మెలకువగా ఉన్న సమయంలో అధికభాగం అలాగే ఉంచి, రెండువారాలపాటు రోజూ గంటల తరబడి పడిపోయిన చేతితో పనులు చేయించడం. స్టీవెన్ వోల్ఫ్ నాయకత్వంలో 222 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి. జబ్బు వచ్చి మూడునుంచి తొమ్మిది నెలలైనవారిలో మామూలు చికిత్సకంటె మెరుగుదల స్పష్టంగా కనిపించింది. ఏడాది తరువాత కూడా నిలిచింది. అయితే మణికట్టు, వేళ్ళు కొంతైనా ఎత్తగలిగినవారినే అందులో చేర్చుకున్నారు. పూర్తిగా వాలిపోయిన చేతికి ఈ పద్ధతి వర్తించదు.

ఇంత చదివాక "ఎంత ఎక్కువ, ఎంత త్వరగా అయితే అంత మంచిది" అనిపించడం సహజం. 2015లో 2104 మంది మీద జరిగిన పరీక్ష దానికి కళ్ళెం వేసింది. తొలి 24 గంటల్లోనే రోగిని లేపి తరచుగా నడిపిస్తే ఫలితం మెరుగు కాలేదు సరికదా, కొంత తగ్గింది. 2017లో మన దేశం ఫలితాలూ వచ్చాయి. నిపుణుల కొరత ఉన్నచోట ఇంటివాళ్ళకే శిక్షణ ఇస్తే సరిపోతుందా అని 14 ఆసుపత్రుల్లో 1250 మంది మీద పరీక్షిస్తే, ఆరునెలల తరువాత మరణాల్లో గాని, పరాధీనతలో గాని తేడా కనబడలేదు. భార్యో, కొడుకో, కోడలో చేసే సేవ వృథా అని దీని అర్థం కాదు. ఫిజియోథెరపిస్టు బాధ్యతను ఇంట్లో ఆడవాళ్ళ నెత్తిన పెట్టి ప్రభుత్వాలు చేతులు దులుపుకోవడానికి వీల్లేదని నేను అర్థం చేసుకున్నాను.

మన ఊళ్ళలో పావురం రక్తం రాయడమనే నమ్మకం ఇంకా పోలేదు. ఆ రక్తంలో మహిమ లేదు. అటువంటి వైద్యాలకోసం తిరిగే తొలిగంటల్లో, గడ్డను కరిగించే మందు ఇవ్వగల నాలుగున్నర గంటల గడువు దాటిపోతుంది. తరువాత మరో ప్రమాదం ఉంది. ఆరునెలలు కాగానే "ఇక ఇంతే" అని ఇంటిల్లిపాదీ తీర్మానించేస్తారు. ఎక్కువ మెరుగుదల తొలి మూడునాలుగు నెలల్లోనే వస్తుందన్నది నిజమే. ఆ తరువాత తలుపు పూర్తిగా మూసుకుపోతుందన్నది మాత్రం నిజం కాదు. ఫ్రాంజ్ 1915లో అన్నది అందుకే ఇప్పటికీ వర్తిస్తుంది. మంచాన ఉన్న మనిషి వినేలా "పడిపోయింది" అనేముందు, ఆ చేతిని లేపడానికి ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారో ఒకసారి లెక్క చూసుకోవాలి.

మీ ఇళ్ళలో ఎవరినైనా ఇలా లేపి నడిపించిన అనుభవం ఉంటే తప్పక రాయండి.