నిలిచిన ఇంజన్ల కాలం

2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలు ఆపమంది. సండూరు, హొసపేట రోడ్లను దున్నేసిన టిప్పర్లు వరసగా నిలబడిపోయాయి. కంతులు కట్టలేక కొందరు బండి వదులుకున్నా, స్పేర్ ఇంజన్‌ను మాత్రం మా షెడ్డులో పెట్టిపోయారు. గనులు తెరుస్తారని ఆశ మరి.

నడిచే ఇంజన్‌కన్నా నిలిచిన ఇంజన్‌కే చాకిరీ ఎక్కువ. పాత ఆయిల్‌లో చేరిన ఆమ్లం బేరింగులను తినేస్తుంది; అది దించి కొత్తది పోయాలి. బ్లాకులో నీళ్లు చుక్క మిగలకూడదు. ఇంజెక్టర్లు విప్పి సిలిండర్లలో కాస్త కాస్త ఆయిల్ వేసి, ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పితే లైనరంతా తడుస్తుంది. మానిఫోల్డు నోళ్లకు గ్రీజు గుడ్డ కుక్కి, పైన రేకు బిగించాలి. మా ఎర్రదుమ్ము మామూలుది కాదు, ఖనిజమే కదా, లోపలికెళ్తే సానపొడిలా అరగదీస్తుంది. అప్పుడప్పుడూ తిప్పి, పిస్టన్లను వేరేచోట ఆపాలి. లేదంటే రింగులు తుప్పుతో లైనర్‌కు అతుక్కుంటాయి.

2012 సెప్టెంబరులో కోర్టు 'ఎ' వర్గం గనులు, అంటే అక్రమాలు పెద్దగా లేవని తేలినవి, పద్దెనిమిదింటికి అనుమతిచ్చింది. కొందరు ఇంజన్ల కోసం వచ్చారు. సెల్ఫ్ కొట్టేముందు ఇంజెక్టర్లు తీసి తిప్పాల్సిందే. పిస్టన్ మీద ఆయిల్ నిలిచి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. రానివాళ్లవి పాత ఇనుము ధరకు పోయాయి.