ఉప్పుకల్లుకి లైసెన్సు

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద చొల్లంగి వస్తుంది. తుల్యభాగ సముద్రంలో కలిసేది అక్కడేనని పుష్యమాసం అమావాస్యకి జనం స్నానాలకి వస్తారు. చొల్లంగి అమావాస్య గురించి గోదావరి వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ 1930లో బులుసు సాంబమూర్తి గారు (తరవాత మద్రాసు శాసనసభ స్పీకరయ్యారు) ఉప్పు చట్టాన్ని ధిక్కరించింది కూడా ఇక్కడే. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఉద్యమానికి ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారంటే, పేదవాడికీ కావాలి కాబట్టి అని స్కూల్లో చదువుకున్నాం. నిజమే. నాకు మాత్రం ఇంకో కారణం కూడా కనిపిస్తుంది. అది కెమిస్ట్రీలో ఉంది.

లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, అందులో తినే ఉప్పు 27 గ్రాముల దాకా. మడిలో నీళ్ళు ఎండుతుంటే ముందు సున్నం, ఆ తరవాత జిప్సం అడుగున పడతాయి. నీళ్ళు దాదాపు పదోవంతుకి తగ్గాక అసలు ఉప్పు స్ఫటికాలు కట్టడం మొదలవుతుంది. చివర మిగిలే నీళ్ళలో మెగ్నీషియం లవణాలుంటాయి. వాటిని బయటికి వదిలెయ్యకపోతే ఉప్పు చేదెక్కుతుంది. నిదానంగా ఎండితే పెద్ద కల్లు. ఫ్యాక్టరీల్లో మూసిన పాత్రలో పీడనం తగ్గించి గబగబా మరిగిస్తే సన్న ఉప్పు. సూత్రం ఒకటే.

గట్లు కట్టడం, నీళ్ళు మళ్ళించడం, ఉప్పు లాగడం మనిషి పని. రెక్కలు ముక్కలయ్యే పనే. స్ఫటికాన్ని కట్టేది మాత్రం ఎండా, గాలీ. బెంగాల్లో తేమ ఎక్కువ కాబట్టి కట్టెలు పెట్టి కాచేవాళ్ళు. మన కోస్తాలో ఆ ఖర్చూ లేదు. వేసవిలో పోటునీళ్ళు పల్లంలో నిలిస్తే ఉప్పు దానంతటదే పేరుకుంటుంది.

మరి ఇలాంటి సరుకుని గుప్పిట్లో పెట్టుకోవడం ఎలా? 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద గుత్తాధిపత్యం తెచ్చింది. కానీ పక్కనే యానాం ఫ్రెంచివాళ్ళది. ఎండకి సరిహద్దు తెలీదు కదా! అంచేత 1815 మార్చి 7న ఒప్పందం చేసుకున్నారు: భారత్‌లోని ఫ్రెంచి స్థావరాల్లో స్థానిక అవసరాలు పోగా మిగిలే ఉప్పుని ఇంగ్లీషువాళ్ళే కొనుక్కుంటారు, బదులుగా ఏటా 4 లక్షల సిక్కా రూపాయలిస్తారు.

సొంత ప్రజల విషయంలో డబ్బు బదులు చట్టం వాడారు. నేల మీద తనంతట తాను పేరిన ఉప్పుని ఏరుకోవడం కూడా నేరమే. 1930 నాటికి మణుగుకి (సుమారు 37 కిలోలు) పన్ను రూపాయి పావలా. గాంధీ గారు దండి చేరేసరికి అక్కడి ఉప్పుని ముందే బురదలో కలిపేశారు. ఎండని ఆపలేరు కాబట్టి, ఎండ తయారుచేసినదాన్ని నాశనం చెయ్యాల్సొచ్చింది.

1931 మార్చి 5 నాటి గాంధీ-ఇర్విన్ ఒప్పందంతో ఉప్పు దొరికే ఊళ్ళవాళ్ళు ఇంటికోసం చేసుకోవచ్చన్నారు. 1947 ఏప్రిల్ 1 నుంచి పన్నే పోయింది.

కాపీ చెయ్యడానికి పైసా ఖర్చుకాని సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సులు రాసుకుని బతికే మనకి ఈ కథ కొంచెం తెలిసినట్టే ఉంటుంది. తేడా ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌ని ముందు ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. చొల్లంగి పల్లంలో ఉప్పుని ఎవరూ రాయలేదు. అయినా దానికి లైసెన్సు అడిగారు. ఆ అన్యాయం అర్థమవడానికి చదువుతో పనిలేదు, వేసవిలో ఉప్పునేల చూసినవాడెవడైనా చాలు. ఉద్యమం ఊరూరికీ పాకింది అందుకేనేమో!