పుప్పొడి, పోడు, పూడిక: మధిర – భద్రాచలం అటవీ సరిహద్దు వృక్షచరిత్రకు ఆధారాలు

లిఖితాధారాలు లేని కాలపు అడవి చరిత్రకు పుప్పొడి సాక్ష్యం పలుకుతుందని 1916లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ నిరూపించారు. రేణువు పైపొర గాలి సోకని బురదలో వేల ఏళ్లు చెడకుండా నిలుస్తుంది. ఈ పద్ధతి దీవులలో మరింత స్పష్టంగా ఫలించింది. న్యూజిలాండ్‌లో 13వ శతాబ్ది తరువాతి పొరలలో చెట్ల రేణువులు తగ్గి, బొగ్గు తునకలు, ఫెర్న్ సిద్ధబీజాలు ఒక్కసారిగా పెరిగాయి. మారిషస్‌లో 1638లో డచ్చివారు దిగేవరకు స్థిరనివాసమే లేదు. 19వ శతాబ్దిలో తెలుగు కూలీలు చేరేనాటికే అక్కడ చెరకు అడవిని తరుముతున్నది. దీవిలో మనిషికి ముందు, మనిషికి తరువాత అన్న గీత ఒకటి దొరుకుతుంది.

మధిర నుంచి భద్రాచలం వరకు ఉన్న నేలలో అటువంటి గీత లేదు. దక్కనులో నవీన శిలాయుగపు పశుపాలకులు నాలుగు వేల ఏళ్లకు పూర్వమే ఉన్నట్లు ఉట్నూరు బూడిదదిబ్బ తవ్వకాలు తెలిపాయి. కాబట్టి ఇక్కడ అడిగే ప్రశ్న మారాలి. మనిషి ఎప్పుడు వచ్చాడన్నది కాదు, అడవితో ఏ తీరున మెలిగాడన్నదే తేలవలసింది.

ఈ ప్రశ్న కేవలం పాండిత్యానికి సంబంధించినది కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం నాటి నుంచి పోడును అడవికి శత్రువుగా చిత్రించడం పరిపాటి అయింది. ఆ ఆంక్షలే 1922–24 మన్యం తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. 2006 అటవీ హక్కుల చట్టం తరువాత కూడా ఆ వాదం సద్దుమణగలేదు. కొండరెడ్లపై 1945లో గ్రంథం వెలువరించిన ఫ్యూరర్ హైమెండార్ఫ్ వర్ణించిన పోడు వేరు. కొంత నేల నరికి, కాల్చి, కొన్నేళ్లు పండించి, మళ్లీ అడవికి వదలడం దాని పద్ధతి. ఇప్ప, చింత వంటి అక్కరకొచ్చే చెట్లను నరకకుండా ఉంచడం మన్యంలో వాడుక. ఇటువంటి సేద్యం పొరలలో బొగ్గును మాటిమాటికి చూపాలి, చెట్ల రేణువులు తగ్గి తిరిగి కోలుకోవాలి. శాశ్వతంగా కొట్టివేసిన అడవి అలా కోలుకోదు.

అయితే రేణువుల సాక్ష్యానికి హద్దులున్నాయి. కొర్ర, సామ, చోడి రేణువులను అడవిగడ్డి రేణువుల నుంచి వేరుచేయడం కష్టం. టేకు కీటకాల వల్ల పరాగం పొందే చెట్టు కనుక, అడవిలో ఎంత ఉన్నా బురదలో కొద్దిగానే కనిపిస్తుంది. అమెరికా నుంచి వచ్చిన మొక్కజొన్న రేణువు మాత్రం పెద్దది, తేలికగా గుర్తుపట్టవచ్చు. అది కనిపించిన పొర 16వ శతాబ్దికి ముందుది కాజాలదు. వయ్యారిభామ రేణువులు విరివిగా ఉన్న పొర 1950ల తరువాతిది.

గోదావరి ముఖద్వారానికి ఎదురుగా బంగాళాఖాతంలో 2006లో తీసిన మట్టిస్తంభంలోని ఆకుమైనం, సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి నుంచి పొడినేల మొక్కలు విస్తరించినట్లు చూపింది. ఇది పుప్పొడి కాకున్నా ఆ కోవలోని ఆధారమే. కానీ అది మొత్తం పరీవాహక ప్రాంతపు సరాసరి. అందులో భద్రాచలం కొండల పాలెంతో విడదీయలేము, వానలు తగ్గడాన్నీ గొడ్డలినీ వేరుచేయడమూ సులభం కాదు. పైగా మధిర పక్క వైరా నీరు మున్నేరు ద్వారా కృష్ణలో కలుస్తుంది. ఆ నేల సాక్ష్యం గోదావరి మట్టిలో ఉండదు.

స్థానిక సాక్ష్యానికి మిగిలేది చెరువు పూడిక. వేసవిలో ఎండే చెరువులో రేణువులు శిథిలమవుతాయి, తడి ఆరని లోతట్టు గర్భంలో నిలుస్తాయి. పూడికమట్టిని పొలానికి తోలడం రైతుకు అనాదిగా తెలిసిన మేలు, 2015లో మొదలైన మిషన్ కాకతీయ దానిని ఉద్యమస్థాయికి తెచ్చింది. నీటికి అది అవసరమే. అయినా తవ్వకానికి ముందు చెరువు నడిగర్భంలో ఒక గొట్టం దింపి, పొరలు చెదరకుండా మట్టి తీసి ఉంచడానికి పట్టేది ఒక పూట పని. ఒకసారి పొలాల్లో చల్లిన మట్టికి పొరల వరుస ఉండదు.