సండూరు కొండకు పిల్లల్ని తీసుకుపోయే ముందు



కర్ణాటక అటవీశాఖ బడిపిల్లల్ని అడవికి తీసుకుపోయి చెట్లు, జంతువులు చూపించే ‘చిణ్ణర వన దర్శన’ కార్యక్రమం నడుపుతోంది. చిణ్ణరు అంటే చిన్నపిల్లలు. మన బళ్లారిలో అడవి అనగానే గుర్తొచ్చేది సండూరు కొండలే. మన పిల్లలు అక్కడికి పోతే చెట్లతో పాటు ఆ కొండల కథ కూడా తెలుసుకుని రావాలని నా కోరిక.

ఒకప్పుడు సండూరు ఘోర్పడేల సంస్థానం. చుట్టూ మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లా, నడుమ ఈ చిన్న రాజ్యం. బళ్లారి దండులోని తెల్ల సిపాయిలు జబ్బుపడితే కోలుకోవడానికి ఇక్కడి రామన్‌దుర్గం కొండెక్కేవారు. 1949లో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి, బళ్లారి, సండూరు మైసూరుకు పోయాయి. ఆ గీత ఎక్కడ పడాలన్న దానిపై మన పెద్దలు ఎంత కొట్లాడారో మీకు తెలిసిందే.

అంత కొట్లాడి గీసుకున్న గీతకు ఏమైంది? ఇనుప ఖనిజం తవ్వకాల్లో ఓబుళాపురం వైపు సరిహద్దు గుర్తులే చెరిగిపోయాయి. మళ్లీ సర్వే ఆఫ్ ఇండియా వచ్చి కొలవాల్సి వచ్చింది. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో తవ్వకాలు ఆపింది. 2013లో షరతులతో మళ్లీ అనుమతిస్తూ, దెబ్బతిన్న నేలను బాగుచేసే బాధ్యత కూడా గనులపైనే పెట్టింది. అందుకే పిల్లలకు పచ్చటి లోయ ఒక్కటే చూపిస్తే సగం పాఠమే అవుతుంది. తవ్విన కొండనూ దూరం నుంచైనా చూపాలి. చెట్టు పోయిన వాలు మీద వాన పడితే మట్టి ఎక్కడికి పోతుందో వాళ్లనే అడగాలి.

అడవిలో నడిచే పద్ధతి కూడా నేర్పాలి. ఈ ప్రాంతం ఎలుగుబంట్లకు పేరు. వాటి కోసమే 1994లో దరోజి అభయారణ్యం ఏర్పడింది. ఎలుగుకు వాసన బాగా తెలుస్తుంది, చూపు మాత్రం తక్కువ. మనిషి దగ్గరికి వచ్చేదాకా గమనించక, ఉలిక్కిపడి మీద పడుతుంది. అందుకే గుంపుగా, మాట్లాడుకుంటూ నడవాలి. తెల్లవారుజామున, సందెవేళ పొదల వైపు పోకూడదు.

ఇంకొక్క మాట. మన పిల్లలు బడిలో బేవు, హొంగె, హుణసె, ముత్తుగ అని నేర్చుకుంటారు. మంచిదే. అవే మన వేప, కానుగ, చింత, మోదుగ అని ఇంట్లో అవ్వాతాతలు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? ఆదోని, రాయదుర్గం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దలకు ఇంకా చాలా చెట్ల పేర్లు తెలుసు. దయచేసి కింద రాయండి. రెండు భాషల్లో ఒక పట్టీ చేసి, ఈసారి అడవికి పోయే పిల్లల చేతికిద్దాం.