లూయీ రోబిషో : న్యూబ్రన్స్‌విక్‌లో భాషాన్యాయము

కెనడాలోని న్యూబ్రన్స్‌విక్ రాష్ట్రమున సుమారు మూడవవంతు ప్రజలకు ఫ్రెంచి మాతృభాష. వీరిలో పెక్కురు 1755లో ఆంగ్లేయులు వెడలగొట్టగా పిమ్మట తిరిగివచ్చిన అకాడియనుల సంతతివారు. వారి ఇంటి భాషకు ప్రభుత్వ కచేరీలలో చట్టబద్ధమైన సమస్థానము చిరకాలము లేకుండెను.

అట్టి అకాడియను కుటుంబమున 1925లో జన్మించిన లూయీ రోబిషో న్యాయవాదియై, 1952లో శాసనసభ్యుడై, 1960లో ముఖ్యమంత్రి అయ్యెను. పాఠశాలలు స్థానిక పన్నులపై ఆధారపడుటచే పేద ప్రాంతముల బిడ్డలకు చదువు కొరవడుట గాంచి, ఆ భారమును రాష్ట్రమే వహించునట్లు చేసెను. 1963లో మాంక్టన్‌లో ఫ్రెంచి విశ్వవిద్యాలయము వెలసెను. 1969లో శాసనసభ ఏకగ్రీవముగా ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలను రెండింటిని అధికారభాషలుగా అంగీకరించెను.

మరుసటి యేడే ఆయన ఎన్నికలలో ఓడిపోయెను. అయినను గెలిచిన ప్రతిపక్షము ఆ చట్టమును త్రోసివేయక క్రమముగా అమలుపరచెను. కర్త ఓడినను కార్యము నిలుచుటయే దాని న్యాయమునకు గీటురాయి.