ర్యామ్ బోలెడుంది, ఇంకా వర్చువల్ మెమరీ దేనికి?

కొత్త మెషీన్ కొన్న ప్రతివాడూ ఏదో ఒక రోజు అడిగే ప్రశ్నే ఇది. మొన్న మా టీమ్‌లో కుర్రాడు కూడా అడిగాడు. "అన్నా, 32 జీబీ ర్యామ్ వేయించాను. వర్చువల్ మెమరీ తీసేశాను. ఇప్పుడు మెషీన్ దూసుకుపోవాలి కదా?" నవ్వొచ్చింది గానీ, ఒకప్పుడు నేనూ ఇదే పని చేసి దెబ్బతిన్నవాణ్ణే. ఆ సంగతి తర్వాత. ముందు కాస్త పాత కథ. ఎందుకంటే ఈ ప్రశ్న వయసు మన వయసుకి రెట్టింపు ఉంటుంది.

1950ల్లో కంప్యూటర్లో అసలు మెమరీ చారెడు. దాని వెనక నెమ్మదిగా తిరిగే అయస్కాంతపు డ్రమ్ము. ప్రోగ్రామ్ మెమరీలో పట్టకపోతే ప్రోగ్రామరే దాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఎప్పుడు లోపలికి రావాలో, వచ్చి ఎవరి చోట్లో కూర్చోవాలో తనే రాసుకోవాలి. ఒక్క గది ఇంట్లో పదిమంది కాపురం లాగా అన్నమాట. పగలు మంచాలెత్తి గోడకి నిలబెట్టాలి, రాత్రి మళ్ళీ వాల్చాలి. ఈ పద్ధతికి ఓవర్లే అని పేరు. లెక్క చేసే కోడ్ కన్నా మంచాలెత్తే కోడ్ రాయడానికే ఎక్కువ టైమ్ పట్టేది.

ఈ చాకిరీని యంత్రానికే అప్పగిద్దామని ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో టామ్ కిల్బర్న్ బృందం అట్లాస్ అనే కంప్యూటర్ కట్టింది. 1962 డిసెంబర్‌లో అది ప్రారంభమైంది. అందులో కోర్ మెమరీ 16,384 పదాలు, ఒక్కో పదం 48 బిట్లు. అంటే మన లెక్కలో 96 కిలోబైట్లు! డ్రమ్ములో దానికి ఆరు రెట్లు. రెండింటినీ 512 పదాల పేజీలుగా కోసి, ప్రోగ్రామర్‌కి మాత్రం అంతా ఒకటే పెద్ద మెమరీ అన్నట్టు చూపించారు. కావలసిన పేజీ కోర్‌లో లేకపోతే హార్డ్‌వేరే కనిపెడుతుంది, సూపర్‌వైజర్ ప్రోగ్రామ్ డ్రమ్ము మీంచి తెచ్చి పెడుతుంది. ఏ పేజీని బయటికి పంపాలో తేల్చడానికి, పేజీల పాత వాడకాన్ని చూసి ఊహించే ఒక పద్ధతి కూడా పెట్టారు. నాకైతే ఇది ఇప్పటికీ అబ్బురమే.

అందరూ చప్పట్లు కొట్టారనుకుంటున్నారా? అబ్బే. చేత్తో రాసిన ఓవర్లేకి ఈ ఆటోమేటిక్ వ్యవహారం సాటి రాదని చాలామంది వాదించారు. ఐబీఎంలో డేవిడ్ సేయర్ ప్రయోగాలు చేసి, 1969లో ఆ ఫలితాలు ప్రచురించాక గానీ ఆ గొడవ సద్దుమణగలేదు. మనిషి చేత్తో చేసిన దానికి యంత్రం చేసింది తీసిపోదని తేలింది. అయితే వ్యతిరేకులు చెప్పిన ఒక మాటలో నిజం లేకపోలేదు. మెమరీకి మించి ప్రోగ్రాములు ఎక్కిస్తే మెషీన్ పేజీలు మోయడం తప్ప ఇంకో పని చెయ్యదు. దీన్నే థ్రాషింగ్ అన్నారు. పీటర్ డెన్నింగ్ 1968లో దాని మూలం పట్టుకున్నాడు. ప్రతి ప్రోగ్రామ్‌కీ ఆ కాసేపటికి నిజంగా అవసరమయ్యే పేజీల గుంపు ఒకటుంటుంది, దానికి చోటు లేకపోతే ప్రోగ్రామ్‌ని నడపొద్దు అన్నాడు. వర్కింగ్ సెట్ అంటే అదే.

ఇక "నాకొద్దు" అన్న అసలు పెద్దమనిషి సేమౌర్ క్రే. 1976లో వచ్చిన క్రే-1లో వర్చువల్ మెమరీ లేదు. పది లక్షల పదాల మెమరీ, అంటే 8 మెగాబైట్లు, ఆ రోజులకి కొండంత. వాతావరణ అంచనాల కోసం 1980ల చివర్లో మన ఢిల్లీకి వచ్చిన క్రే ఎక్స్-ఎంపీ కూడా ఆ వంశందే. ఒకే పెద్ద లెక్కని శరవేగంగా చేసే యంత్రానికి ఆ నిర్ణయం సబబే. మనవి అలాంటి యంత్రాలా? వంద ట్యాబులు తెరిచిపెట్టిన బ్రౌజరు, దాని పక్కన ఐడీఈ, రెండు వర్చువల్ మెషీన్లు, వీటన్నిటి వెనక యాంటీవైరస్!

1985లో ఇంటెల్ 386తో పేజింగ్ మన బల్ల మీది కంప్యూటర్లోకి వచ్చింది. తికమక మొదలైంది మాత్రం విండోస్ సెట్టింగుల దగ్గర. అక్కడ "వర్చువల్ మెమరీ" అని బోర్డు పెట్టి, లోపల పేజ్‌ఫైల్ సైజు అడుగుతారు. ఈ రెండూ ఒకటి కాదండీ. వర్చువల్ మెమరీ అంటే ప్రతి ప్రోగ్రామ్‌కీ సొంత చిరునామాల లోకం ఇచ్చి, ఒకరి ఇంట్లోకి ఇంకొకరు దూరకుండా గోడ కట్టడం. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో పేజింగ్ ఆపేసి 64 బిట్ మోడ్‌లో నడవడం అసాధ్యం. కాబట్టి మావాడు తీసేసింది వర్చువల్ మెమరీని కాదు, డిస్కు మీదున్న అటకని.

పోనీ అటక తీసేస్తే ఏమవుతుంది? ఇప్పుడు నా కథ. ఉద్యోగంలో చేరిన కొత్తలో 16 జీబీ ఉన్న ఒక విండోస్ సర్వర్లో, స్పీడు పెరుగుతుందని పేజ్‌ఫైల్ తీసేశాను. ఎవరికీ చెప్పలేదు కూడా. వారం తర్వాత అర్ధరాత్రి బ్యాచ్ జాబ్ మెమరీ చాలలేదంటూ పడిపోయింది. చూస్తే దాదాపు 5 జీబీ ఖాళీ! పొద్దున ఆరింటి దాకా జుట్టు పీక్కున్నాక అర్థమైంది. విండోస్ ఎవరికి ఎంత మాటిచ్చిందో పద్దు రాసుకుంటుంది. ర్యామూ పేజ్‌ఫైలూ కలిపి ఎంతో, అంతకు మించి మాటివ్వదు. జావా ప్రోగ్రాములు ముందే పెద్ద పెద్ద ముక్కలు రిజర్వ్ చేసుకుని, వాడకుండా కూర్చున్నాయి. రైల్లో తువ్వాలు వేసిన సీట్ల లాగా. సీటు ఖాళీయే, టికెట్ మాత్రం లేదు. పేజ్‌ఫైల్ ఉండుంటే అందులో ఒక్క బైటు రాయకుండానే ఆ మాటలన్నిటికీ పూచీ దొరికేది.

లినక్స్ దారి వేరు. మామూలుగా ఉన్నదానికన్నా ఎక్కువే మాటిచ్చేసి, నిలబెట్టుకోలేని రోజున ఎవరో ఒకర్ని చంపేస్తుంది. అక్కడ స్వాప్ తీసేసినా థ్రాషింగ్ పోదు. ప్రోగ్రామ్ కోడ్ పేజీలు ఎలాగూ డిస్కు మీద ఫైల్లోనే ఉంటాయి కాబట్టి, మెమరీ బిగిస్తే కెర్నెల్ వాటినే పారేసి మళ్ళీ మళ్ళీ చదువుతుంది. ఎప్పుడో లాగిన్ అప్పుడు వాడి వదిలేసిన డేటా మాత్రం ర్యామ్‌లో దర్జాగా కూర్చుని ఉంటుంది, దాన్ని పంపడానికి చోటు లేదు కాబట్టి.

ఎక్స్‌పీ రోజుల్లో ర్యామ్‌కి ఒకటిన్నర రెట్లు పేజ్‌ఫైల్ ఉండాలనేవారు. 32 జీబీకి ఆ లెక్క వెర్రి. నా మటుకు సైజు సంగతి విండోస్‌కే వదిలేస్తాను. మా కుర్రాడికీ అదే చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. "నా ఫోన్లో పేజ్‌ఫైల్ ఎక్కడుంది మరి?" అన్నాడు. ఆండ్రాయిడ్ ఫోన్లు జెడ్‌ర్యామ్ అని ర్యామ్‌లోనే ఒక మూల కేటాయించుకుని, వాడని పేజీల్ని అందులో నొక్కి దాచుకుంటాయని చూపించాను. కాసేపు ఫోను వంక చూసి, లాప్‌టాప్‌లో టిక్కు మళ్ళీ పెట్టాడు. రీస్టార్ట్ అడిగింది. ట్యాబులన్నీ మూసేసరికి టీ బ్రేక్ అయిపోయింది.